జామీను ఇచ్చేవాడు దొరకాలి

పోయిన సంచికలో లాకర్ల నామినేషను గురించి రాసిన దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఈసారి కూడా డిపాజిట్ల సంగతే ఉంటుందని ఎదురుచూసిన వాళ్ళకు కొంచెం నిరాశ తప్పదు. ఈ మధ్య నేను కూర్చుని చదివింది పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి జైళ్ళ మీద ఇచ్చిన నివేదిక. “మనకెందుకండీ జైళ్ళ గొడవ” అని పేజీ తిప్పేయకండి. ఈ జైళ్ళ కథ ఎటు తిరిగినా చివరకు వచ్చి ఆగేది మా బ్యాంకు వాళ్ళకు బాగా తెలిసిన ఒక మాట దగ్గర. అది పూచీ. సొంత రాష్ట్రం వదిలి బయట ఉంటున్న తెలుగువాళ్ళకు అది మరీ దగ్గరి సంగతి.

ముందు ఈ స్థాయీ సంఘాల గురించి రెండు మాటలు. పార్లమెంటు అంటే టీవీలో కనిపించే కేకలూ వాకౌట్లూ అనుకుంటాం. అసలు పని చాలావరకు కమిటీ గదుల్లో, తలుపులు వేసుకుని జరుగుతుంది. శాఖలవారీ స్థాయీ సంఘాలను 1993లో ఏర్పాటు చేశారు. మొదట 17 ఉండేవి, 2004లో 24 చేశారు. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది. మంత్రులకు చోటు లేదు. అన్ని పార్టీల వాళ్ళూ ఉంటారు గనుక, కెమెరాలు లేవు గనుక, ఆ గదుల్లో అధికారులను కాస్త తిన్నగానే ప్రశ్నలు అడుగుతారు. హోం శాఖను చూసే సంఘానికి 2013లో అధ్యక్షుడు మన వెంకయ్యనాయుడు గారే. ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత క్రిమినల్ చట్టాల సవరణ బిల్లు పరిశీలించింది అప్పుడే. పదేళ్ళ తరువాత, 2023 సెప్టెంబరులో, ఉత్తరప్రదేశ్‌లో డీజీపీగా చేసి వచ్చిన బ్రిజ్‌లాల్ గారి అధ్యక్షతన అదే సంఘం జైళ్ళ పరిస్థితుల మీద తన 245వ నివేదిక ఇచ్చింది.

కామర్సు చదివినవాణ్ణి కనుక నా కన్ను ముందు అంకెల మీదికే పోతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా జైళ్ళ లెక్కలు అచ్చువేస్తుంది. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్ళలో పట్టేవాళ్ళు 4,36,266 మంది. ఉన్నవాళ్ళు 5,73,220 మంది. నూరుమందికి కట్టిన చోట 131 మంది అన్నమాట. ఇంతవరకు పేపర్లలో వచ్చేదే. దాని పక్కన ఉన్న ఇంకో అంకె చూడండి. ఆ 5,73,220 మందిలో ఇంకా నేరం రుజువు కాని వాళ్ళు, అంటే విచారణ ఖైదీలు, 4,34,302 మంది. శిక్షపడిన వాళ్ళందరినీ ఆ రోజు ఇంటికి పంపించేసినా, శిక్షపడని వాళ్ళతోనే మన జైళ్ళు నిండిపోతాయి. ఖాళీ మిగిలేది దేశం మొత్తం మీద 1,964 మందికి.

ఈ లెక్క తెలిశాక కొత్త జైళ్ళు కట్టాలి అనే మాట వింటే నాకు మనసొప్పదు. గిడ్డంగిలో సరుకు కదలకపోతే ఇంకో గిడ్డంగి అద్దెకు తీసుకునే వ్యాపారి ఉంటాడా? సరుకు ఎందుకు కదలడం లేదో ముందు చూస్తాడు.

ఎందుకు కదలడం లేదు? కోర్టుల్లో వాయిదాలు ఒక కారణం. అది అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, బెయిలు మంజూరై కూడా లోపలే ఉండిపోయేవాళ్ళు ఉన్నారు. బెయిలు ఉత్తర్వులో “ఇంత మొత్తానికి సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు” అని ఉంటుంది. ఆ ఇద్దరూ దొరకాలి. దొరికినవాళ్ళకు ఆస్తి ఉండాలి. ఆ ఆస్తి చాలా కోర్టుల్లో ఆ ఊళ్ళోనే, ఆ జిల్లాలోనే ఉండాలంటారు.

ఈ చివరి ముక్క మీద సుప్రీంకోర్టు 1978లోనే గట్టిగా చెప్పింది. మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రి. సుప్రీంకోర్టే బెయిలు ఇచ్చింది. కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు పూచీ అడిగాడు. అన్నదమ్ముడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదన్నాడు. పదివేలంటే ఆ రోజుల్లో మా ఆఫీసరు గ్రేడు వాడికి కూడా ఏడాది జీతం ఉండేదో లేదో. జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ తీర్పులో వేసిన ప్రశ్న మనలాంటి వాళ్ళ కోసమే వేసినట్టుంటుంది. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో కేసులో చిక్కుకుంటే, అక్కడ ఆస్తులున్న పూచీదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడు అని ఆయన అడిగారు. పూచీ వేరే జిల్లా వాడిదని తోసిపుచ్చడానికి వీల్లేదన్నారు. చివరకు ఆ మేస్త్రిని 1,000 రూపాయల సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు.

అది 1978. ఇక నేను చూసింది చెబుతాను. పదేళ్ళ కిందట బెంగళూరులో ఒక శాఖకు మేనేజరుగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం క్యాష్ మూసే వేళకు పలాస వైపు నుంచి వచ్చిన ఒకాయన నా క్యాబిన్ బయట నిలబడ్డాడు. వయసు యాభై దాటి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం. ఇక్కడ సెంట్రింగు పనికి వచ్చిన తమ్ముడు ఏదో కొట్లాట కేసులో లోపలున్నాడు. “బెయిలొచ్చింది బాబూ, మనిషే రాలేదు. ఏటి చెయ్యాలో చెప్పండి” అన్నాడు. శ్రీకాకుళం జిల్లా భూమి ఇక్కడ పనికిరాదన్నారట. ఇక్కడి పహాణీ ఉన్న మనిషిని తెమ్మన్నారట. కోర్టు బయట రేటు కట్టి పూచీ ఇచ్చేవాళ్ళు ఇద్దరు తగిలారు, ఎనిమిది వేలడిగారు. ఆ వృత్తి ఒకటుంది, అన్ని ఊళ్ళలోనూ ఉంది. వకీలు కొంచెం మంచివాడు, కోర్టు పేర లీన్ వేసిన డిపాజిట్టు రసీదు తెస్తే ఒప్పిస్తానన్నాడు. అందుకని పనివాళ్ళందరూ తలా కొంత వేసుకుని 25,000 పోగుచేశారు. డిపాజిట్టు ఆ పూటే వేసి ఇచ్చాం. బెయిలు ఉత్తర్వు తేదీ చూశాను. అప్పటికి పందొమ్మిది రోజులైంది. పందొమ్మిది రోజుల కూలి, పైగా ఆ అన్నగారి రానుపోను ఖర్చులు. కేసులో ఆ కుర్రాడు తప్పుచేశాడో లేదో నాకు తెలియదు, తేల్చవలసింది కోర్టు. ఆ పందొమ్మిది రోజులు మాత్రం ఏ కోర్టూ వేసిన శిక్ష కాదు.

చట్టం మారలేదా అంటే మారింది. బెయిలు ఇవ్వదగ్గ నేరాల్లో అరెస్టయినవాడు వారంలోగా పూచీ తేలేకపోతే బీదవాడని భావించి సొంత బాండు మీదే వదలాలని 2005 సవరణలోనే వచ్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్షపడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే వదలాలని 479వ సెక్షను చెబుతోంది. మిగతావాళ్ళకు సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవాళ్ళకూ కుదరదు, అదే ఇందులో పెద్ద చిల్లు. దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2023 జనవరి 31న ఇచ్చిన ఉత్తర్వు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటకు రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోగా బాండు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే ఆలోచన చేయవచ్చు. స్థానిక పూచీ అడగడమే ఆలస్యానికి ఒక కారణమని గుర్తించి, అటువంటి చోట ఆ షరతు పెట్టవద్దని కూడా అన్నారు. 1978లో చెప్పిన మాటనే 45 ఏళ్ళ తరువాత మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

డబ్బు సంగతీ చూద్దాం. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు రాసుకొచ్చిన ప్రసంగం అయ్యాక సొంతంగా హిందీలో మాట్లాడుతూ, చిన్న చిన్న కేసుల్లో ఏళ్ళ తరబడి మగ్గుతున్న బీదవాళ్ళ గురించి న్యాయమూర్తుల ముందే చెప్పారు. ఒడిశాలోనూ, జార్ఖండ్‌లో గవర్నరుగానూ తాను చూసినవే చెప్పారు. తరువాతి బడ్జెటులో పేద ఖైదీల సాయానికి పథకం వచ్చింది. ఏడాదికి 20 కోట్లు. పథకం మొదలైనప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్షపడిన ఖైదీకి 25,000 దాకా ఇవ్వవచ్చన్నారు. మాదకద్రవ్యాలు, ఉగ్రవాదం వంటి కేసులకు వర్తించదు. గరిష్ఠంగా ఇచ్చినా 20 కోట్లతో 5,000 మందిని విడిపించవచ్చు. తక్కువ మొత్తాలే ఎక్కువ గనుక ఇంకా ఎక్కువమందినే అనుకోండి. అయితే ఏమైంది? ఈ డబ్బు వాడుకోండి బాబూ అని హోం శాఖే రాష్ట్రాలకు లేఖలు రాసి గుర్తుచేయవలసి వచ్చింది. మంజూరైన అప్పు తీసుకోవడానికి కస్టమరు రాకపోతే మేం ఫోను చేస్తాం. ఇక్కడ కస్టమరు జైల్లో ఉన్నాడు, అతని తరఫున కాగితాలు పెట్టవలసినవాడు జిల్లా కమిటీలో ఉన్నాడు.

పార్లమెంటు పరిశీలనకు ఉన్న ఇబ్బంది అంతా ఇక్కడే. రాజ్యాంగం ప్రకారం జైళ్ళు రాష్ట్రాల జాబితాలో నాలుగో అంశం. కేంద్రం నమూనా చట్టం తయారుచేస్తుంది, 2023లో చేసింది కూడా. డబ్బు ఇస్తుంది, లేఖలు రాస్తుంది. తాళాలు మాత్రం రాష్ట్రాల దగ్గర ఉంటాయి. ఢిల్లీలో సంఘం హోం కార్యదర్శిని ప్రశ్నిస్తే ఆయన “రాష్ట్రాలకు సలహా పంపాం” అంటాడు. అబద్ధం కాదు. కానీ పలాస అన్నగారికి దాని వల్ల ఏమీ ఒరగదు.

పైగా సంఘం చెప్పినది ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. 2023లో మూడు కొత్త క్రిమినల్ బిల్లులు ఆగస్టులో వచ్చాయి, నవంబరులో సంఘం నివేదికలు ఇచ్చింది, డిసెంబరులో బిల్లులు మళ్ళీ కొత్తగా పెట్టి ఆమోదించారు. సమాజసేవ అనే శిక్షకు నిర్వచనం ఉండాలని సంఘం అంటే చేర్చారు. వ్యభిచారాన్ని స్త్రీపురుషులిద్దరికీ సమానంగా నేరం చేయమంటే చేర్చలేదు. సిఫార్సులకు ప్రభుత్వం ఇచ్చిన జవాబుల మీద సంఘం మళ్ళీ ఒక నివేదిక వేస్తుంది. అందులో ఒప్పుకున్నవి, జవాబు విన్నాక సంఘం వదిలేసినవి, జవాబు నచ్చనివి, ఇంకా తుది జవాబు రానివి అని నాలుగు అధ్యాయాలు. మా శాఖల్లో ఇన్‌స్పెక్షన్ రిపోర్టుకు మేం రాసే కంప్లయన్సు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. “సరిచేయడమైనది”, “ఇకమీదట పాటించగలము” అని రాసేస్తే కాగితం మీద లోపం మాయమవుతుంది. ఒప్పుకున్నవి అన్న అధ్యాయంలో ఎన్ని “ఇకమీదట పాటించగలము”లు ఉంటాయో బ్యాంకు మనిషి ఇట్టే పసిగడతాడు.

ఆ జైళ్ళ నివేదికలో ఒక సలహా మీద మాత్రం నాకు సందేహం ఉంది. బెయిలు మీద వెళ్ళేవాళ్ళ కాలికో చేతికో జాడ తెలిపే కడియం తగిలించవచ్చని, ఈ విషయంలో ఒడిశా ఆలోచనను ఉదాహరణగా చూపింది. ఆస్తి పూచీ కంటే అది నయం కదా అని మొదట నాకూ అనిపించింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు మరో కేసులో, బెయిలు మీదున్న మనిషి అనుక్షణం ఎక్కడున్నాడో పోలీసులకు తెలిసేలా షరతు పెట్టడం కుదరదంది. అదే సరైనదనుకుంటాను. బీదవాడికి కడియం, ఉన్నవాడికి వకీలు అయ్యే ప్రమాదం ఉంది.

ఇంతదూరం చదివిన వాళ్ళలో ఎవరైనా నేరానికి బలైన కుటుంబం వాళ్ళుంటే, వాళ్ళకు కోపం రావడం సహజం. లోపలున్నవాడి గురించి ఇన్ని పేజీలు, మా గురించి ఎవరు రాస్తారు అంటారు. న్యాయమైన మాట. జైల్లో ఉన్నవాణ్ణి రోజుకు రెండుసార్లు తలలెక్క పెడతారు. బాధితుణ్ణి ఎవరూ లెక్కపెట్టరు. పార్లమెంటు నివేదికల్లో కూడా వాళ్ళకు దొరికే చోటు కొంచెమే.

బాధితులకు ప్రభుత్వమే నష్టపరిహారం ఇవ్వాలని లా కమిషను 1996లో చెప్పింది. కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ మళిమఠ్ గారి సంఘం 2003లో మళ్ళీ చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 357ఎ సెక్షనుగా అది అమల్లోకి వచ్చేసరికి 2009 డిసెంబరు 31. కొత్త సంహితలో 396వ సెక్షను. ఇందులో చాలామందికి తెలియని సంగతి, నేరస్థుడు దొరకకపోయినా, ఎవరో తెలియకపోయినా, బాధితుడుగానీ అతని మీద ఆధారపడినవాళ్ళుగానీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఈలోగా మధ్యంతర సాయం, ప్రథమచికిత్స ఇప్పించవచ్చు. ఇది నేరం జరిగిన రాష్ట్రపు పథకం కిందికి వస్తుంది. కనుక హోసూరులో చనిపోయిన మనిషి భార్య అనంతపురం కలెక్టరేటు చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు.

మహిళా బాధితుల కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో తయారుచేసిన పథకంలో ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు. యాసిడ్ దాడిలో ముఖం పాడైతే 7 నుంచి 8 లక్షలు. వచ్చిన మొత్తంలో 75 శాతం కనీసం మూడేళ్ళు ఫిక్సెడ్ డిపాజిట్టులో ఉంచాలి, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. ఈ నిబంధన నాకు నచ్చింది. చుట్టాలు అప్పు అడగడానికి వచ్చేలోపు డబ్బుకు కొంత రక్షణ ఉంటుంది. కాకపోతే ఇటువంటి డిపాజిట్లు నేను పనిచేసిన శాఖల్లో వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే చూశాను. మా చుట్టుపక్కల నేరాలు అంత తక్కువేమీ కాదు. అడిగేవాళ్ళు తక్కువ.

ఖైదీ కూలీ సంగతి ఒకటుంది. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు, కఠినశిక్ష పడిన ఖైదీల పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలంటూ, అందులో కొంతభాగం బాధితులకు వెళ్ళేలా రాష్ట్రాలు ఏర్పాటు చేసుకోవచ్చంది. జైలు, బాధితుడు ఒకే లెక్క పుస్తకంలోకి వచ్చిన అరుదైన సందర్భం అది. విచారణ ఖైదీ పని చేసి తీరాలని లేదు. నలుగురిలో ముగ్గురు విచారణలోనే ఉన్నప్పుడు అటువైపు నుంచి బాధితుడికి వచ్చేది ఎంత? కేసు తేలకపోతే లోపలివాడికి నష్టం, బయట ఏడుస్తున్నవాళ్ళకూ నష్టమే.

ఇక మన సంగతి. పూచీ ఇవ్వడానికి మనవాళ్ళు భయపడతారు, భయపడాలి కూడా. కానీ ఏమిటిస్తున్నామో తెలుసుకుని భయపడడం మేలు. అప్పుకు హామీ సంతకం పెడితే, అతను కట్టకపోతే మనం కట్టాలి. కోర్టు పూచీలో మనం అతను నిర్దోషి అని చెప్పడం లేదు, వాయిదాలకు వస్తాడని మాత్రం చెబుతున్నాం. రాకపోతే బాండు మొత్తం మన మీద పడుతుంది. ఎంతమందికి పూచీ ఉన్నామో ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. మనిషిని, అతని మేస్త్రీని, ఊరిని తెలుసుకోకుండా ఎంత తెలుగువాడైనా సంతకం పెట్టకండి. ఆస్తి పెట్టలేనివాళ్ళు చేయగలిగింది ఇంకొకటుంది. విచారణలో సాక్ష్యం నిందితుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టం. తెలుగు చదివి కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో కాగితం రాసిపెట్టగలవాళ్ళు మన సంఘాల్లో రిటైరై ఇంట్లో కూర్చుని బోలెడంతమంది ఉన్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అలాంటివాళ్ళ పేర్లు నాలుగు ఇచ్చి వస్తే ఖర్చేమీ లేదు. ఆ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కస్టడీలో ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. ఫోను నంబరు 15100.

లైఫ్ సర్టిఫికెట్టు గురించి అడిగిన పెన్షనరు మిత్రులకు వచ్చే సంచికలో జవాబిస్తాను.